తూనిక ప్రక్కన పుస్తకము
(ఎనుమాముల పేట, గ్రంథాలయ శాఖల చరిత్ర, కర్తవ్యము: ఉపన్యాస పాఠము)



ఎనుమాముల యనగానే తెలుగువారికి మిరపకాయ జ్ఞప్తికి వచ్చును. ఈ యంగడి ఆసియాఖండమున పెద్దవగు వ్యవసాయ విపణులలో నొకటియని ప్రసిద్ధి గాంచినది. మిరపకోతలు ముగిసిన దినములలో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాదు, నర్సంపేట, పరకాల ప్రాంతములనుండి బస్తాల బండ్లు బారులుతీరి వచ్చును. ఆవరణమంతయు ఎఱ్ఱబారును. దారిన పోవువాడు సైతము తుమ్మక దాటజాలడు. ప్రత్తి వచ్చును, మొక్కజొన్న వచ్చును, పసుపు వచ్చును. ఇచ్చట తూచబడని వస్తువు లేదు, వెల కట్టబడని సరకు లేదు. ఇట్టి తావున మేము గ్రంథాలయమును గూర్చి మాటలాడ దలంచితిమి. మిరపకాయల బజారులో పుస్తకములకేమి పనియని కొందరు మిత్రులు నవ్వవచ్చును. ఆ నవ్వునకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

ఇచ్చట ఉదయమున జెండాపాట జరుగును. వర్తకులు జెండా యొద్ద గుమిగూడి, మేలైన రాసి నొకదానిని ఎన్నుకొని, పాట పాడి, ఆనాటి హెచ్చుధరను తేల్చుదురు. మరునాటి పత్రికలలో అచ్చుపడునది ఆ ధరయే. దూరగ్రామమందలి రైతు ఆ యంకెను విని ఆశపడి, బస్తాలు కట్టించి, కిరాయిబండి మాటలాడుకొని యిచ్చటికి వచ్చును. అతని రాసికి పలుకు ధర పెక్కుమారులు జెండాధరకు దిగువనే యుండును. తేమ యున్నదందురు, తాలు కలిసినదందురు, రంగు తగ్గినదందురు. ఆ మాటలలో నిజమెంతయో నెపమెంతయో తేల్చుకొనుటకు రైతునకు తెలివిడి కావలయును. చేతికిచ్చిన తక్‌పట్టీపై తూకమెంత వ్రాసిరో, ధర యెంత వేసిరో, కూలి క్రింద నెంత తగ్గించిరో చదివి, కూడి, తీసివేసి చూచుకొను శక్తి కావలయును. కాటా యెంత సత్యమైనదైనను, దాని మీది యంకెను చదువలేనివానికి ఆ సత్యము పరుల చేతిలోని సొమ్మే.

రైతు ఒక్కడేనా? దడువాయి యున్నాడు, హమాలీ యున్నాడు, అడ్తికొట్టున లెక్కలు వ్రాయు గుమాస్తా యున్నాడు, చాటపట్టి చెరుగు కూలితల్లి యున్నది. వీరి బిడ్డలు ఈ చుట్టుపట్లనే పెరుగుచున్నారు. బస్తాల మధ్య పుట్టిన బిడ్డ బస్తా మోయుటకే పుట్టినట్లు భావించు సంఘము తన్ను తాను నాగరికమని చెప్పుకొనరాదు. ఆ బిడ్డకు బడి యొక ద్వారము. బడి మూసిన పిమ్మట, బడి మానిన పిమ్మట, బడి యెన్నడును చూడని తల్లిదండ్రులకు సైతము తెరచియుండు రెండవ ద్వారము గ్రంథాలయము.

ఈ ద్వారమును మనకు తెరచినవారెవ్వరో, ఏ కాలమున, ఏ కష్టముల నడుమ తెరచిరో కొంచెము స్మరింతము. ఓరుగల్లువారు ఈ చరిత్రమును పరాయివారి చరిత్రమువలె వినవలసిన పనిలేదు. అందులో వీరి భాగము మిక్కిలి పెద్దది.

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు దానికి మూలపురుషులు. మూడేండ్లు తిరుగకమునుపే దాని వెలుగు ఓరుగల్లునకు ప్రాకినది. 1904లో హనుమకొండయందు శ్రీరాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొల్పబడినది. 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయము, 1918లో మన వరంగల్లు మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయము వెలసినవి. రాజధానీ నగరమునకు వెలుపల, ఇంత తొలినాళ్లలోనే, ఒకే పట్టణ పరిసరమున రెండు భాషానిలయములు నిలుచుట సామాన్యవిషయము గాదు.

ఆ పేర్లను గమనింపుడు. పుస్తకశాల యనలేదు, పఠనమందిర మనలేదు, భాషానిలయ మనిరి. నిలయమనగా ఇల్లు. ఆనాడు ఈ రాజ్యమున తెనుగునకు కచ్చేరీలో చోటు లేదు. న్యాయస్థానమున చోటు లేదు. ప్రాథమికతరగతులు దాటిన పిదప పాఠశాలలోను చోటు లేదు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనాభాషగా నడచినది. ఉర్దూ గొప్ప భాషయే; దానిపై మాకెట్టి విరోధమును లేదు. కాని జనులలో అత్యధికులు మాటలాడు భాష తన నేలమీదనే నిలువనీడ లేక తిరుగుచుండ, కొందరు గృహస్థులు చందాలు వేసికొని దానికొక ఇల్లు కట్టిరి. నన్నయభట్టారకుని పోషించిన రాజమహేంద్రవర ప్రభువు పేరు కాకతీయుల నేలమీద ఒక పఠనాలయమునకు పెట్టుకొనిరి. గోదావరితీరమైనను కాకతీయుల నగరమైనను తెలుగు వాక్కు ఒక్కటేయని వారు పలకమీద వ్రాసి తగిలించిరి.

ఆ దినములలో సభ చేయవలెనన్న సర్కారు అనుమతి కావలసియుండెను. గస్తీ నిషాను 53 అను ఉత్తరువు పేరు ఆ తరమువారికి కంఠస్థము. ఖాన్గీ పాఠశాల నొకదానిని తెరచుటకు కూడ పై యధికారుల సమ్మతి కావలసినదే. ఇట్టి కట్టుబాటుల నడుమ పదిమంది యొకచోట కూర్చుండి దేశపు మంచిచెడ్డలు ముచ్చటించుకొనుటకు గ్రంథాలయమొక్కటియే నెపమై నిలిచినది. పుస్తకము చదువవచ్చినవాడు పత్రిక చదివెను. పత్రిక చదివినవాడు ప్రక్కవానికి వినిపించెను. వార్షికోత్సవమని పేరు పెట్టి పండితుని పిలిపించి ఉపన్యాస మిప్పించిరి. అక్షరము తెలియనివాడు చెవితో చదివెను. ప్రజలు తమ్ము తాము గుర్తించుకొనుట ఈ విధముగా నారంభమైనది.

1921 నవంబరు 12వ తేదీన హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా సభలో కొందరు గేలిచేసి అల్లరిచేసిరి. ఆ యవమానము వృథాపోలేదు. ఆ వెంటనే కొందరు తెలుగువారు కూడి ఆంధ్రజనసంఘమును స్థాపించిరి. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసిరి. కోపముతో పుట్టిన ఆ సంఘము ఏమి చేయదలచినదో చూడుడు: గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు స్థాపించుట, తాళపత్రములను శాసనములను సేకరించుట, చిన్న పుస్తకములు ప్రకటించుట. గేలిచేసినవారికి వారిచ్చిన సమాధాన మదియే.

ఆ చిన్నపుస్తకముల కథ ఈ యంగడివారు ముఖ్యముగా వినదగినది. ఆ కాలమున వెట్టిచాకిరి పల్లెలను పీల్చి పిప్పిచేయుచుండెను. కూలివాడును చేతిపనివాడును మాత్రమేకాక, చిన్నవర్తకుడు సైతము గ్రామమునకు వచ్చిన యధికారికి సరకు ఊరకయో, నామమాత్రపు వెలకో సమర్పించుకొనవలసి వచ్చెడిది. విచిత్రమేమన, అట్టి పీడనలను నిషేధించు సర్కారు ఉత్తరువులు కొన్ని కాగితములపై నుండనే యుండెను. అవి జనులకు తెలిసిన భాషలో లేవు, తెలియదగిన చోటను లేవు. ఆంధ్రజనసంఘము వెట్టిచాకిరిని గూర్చియు, వర్తక స్వాతంత్ర్యమును గూర్చియు చిన్న పుస్తకములు తెలుగున అచ్చువేయించి పంచినది. ఉన్న ఉత్తరువును చదివి చూపగలిగిన మాత్రముననే కోమటికి ధైర్యము వచ్చినది, కూలికి నోరు వచ్చినది. చట్టము పుట్టిననాడు హక్కు పుట్టదు. అది హక్కుదారునకు చదువవచ్చిననాడు పుట్టును.

1922లో ఇదే ఓరుగల్లు సీమయందలి ఇనుగుర్తి గ్రామమునుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను, నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు నీలగిరి పత్రికను వెలువరించిరి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక వెలువడినది. ఒక్కొక్క ప్రతిని ఇంటింట కొనగల స్థితి ఎందరికున్నది? పఠనాలయపు బల్లమీద పడిన ఒక ప్రతి ఎందరి చేతులో మారి, అంచులు నలిగి, అందరి సొమ్మయ్యెను. పత్రికలు గ్రంథాలయములను బ్రదికించినవి, గ్రంథాలయములు పత్రికలను బ్రదికించినవి. 1925లో నిజాము రాష్ట్ర గ్రంథాలయ మహాసభ అప్పటి వరంగల్లు జిల్లాలోని మధిరలో సమావేశమైనది. తరువాతి సభ 1928లో సూర్యాపేటలో జరిగినది. 1930లో జోగిపేటయందు ఆంధ్రమహాసభ కూడుటకు నేల దున్నినవి ఈ గ్రంథాలయ సభలే.

తూర్పుతీరమందును ఇట్టి వేడియే యుండెను. విజయవాడలో 1911లో రామమోహన ధర్మపుస్తక భాండాగారము, 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినవి. 1918లో వేటపాలెమున సారస్వతనికేతనము పుట్టినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములు పెట్టి కొల్లూరునుండి పెదవడ్లపూడి వరకు ఊరూర త్రిప్పిరి. చదువరి గ్రంథాలయమునకు రాలేనినాడు గ్రంథాలయమే చదువరి యొద్దకు పోవలెనను ధర్మము వారు ఆచరించి చూపినది. ఈ పడవను జ్ఞాపకముంచుకొనుడు. మరల దాని ప్రసక్తి వచ్చును.

పుస్తకమునకు భయపడువారు ఎల్లకాలములందు నుందురు. 1943లో స్థాపింపబడిన నిజాము రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తు తన ద్వితీయ వార్షికసభలను 1944లో ఓరుగల్లున జరుపబూనగా, సభకై వేసిన పందిళ్లు తగులబెట్టబడినవి. కవిత్వము చదువుకొనుటకు వేసిన తాటాకుపందిరి ఎవరికేమి యపకారము చేసినదో! అయినను సభ ఆగలేదు. కాళోజీ నారాయణరావుగారు మున్నగు ఓరుగల్లు యువకులు పట్టువిడువక సభలు జరిపించిరి. కాలిన పందిరి బూడిద ఆరకమునుపే కవులు పద్యములు చదివిరి. ఈ పట్టణమున ఒక బల్లయు, పది పత్రికలును, నాలుగు బీరువాల పుస్తకములును ఉండుట వెనుక ఇంత కథ యున్నది.

ఇక చరిత్రమునుండి చట్టమునకు వత్తము. దాతల దయమీదను చందాదారుల ఓపికమీదను నడచిన గ్రంథాలయము స్వరాజ్యము వచ్చిన పిమ్మట ప్రజల హక్కుగా మారినది. మద్రాసు రాష్ట్రమున 1948లో, హైదరాబాదు రాష్ట్రమున 1955లో గ్రంథాలయ చట్టములు చేయబడినవి. ఆంధ్రప్రదేశ మేర్పడిన పిమ్మట ఆ రెంటిస్థానమున 1960లో ఒకే చట్టము వచ్చినది. 2014లో తెలంగాణ ప్రత్యేకరాష్ట్రమైన తరువాత అదియే ఈ రాష్ట్రమునకు అన్వయింపబడి నడచుచున్నది. ఈ చట్టము ననుసరించి జిల్లాకొక గ్రంథాలయసంస్థ యుండును. దాని క్రింద జిల్లా కేంద్ర గ్రంథాలయము, పట్టణములలోను పెద్దయూళ్లలోను శాఖాగ్రంథాలయములు, చిన్న గ్రామములందు గ్రామీణ గ్రంథాలయములు, పుస్తక నిక్షిప్త కేంద్రములు నుండును. చెట్టునకు కొమ్మవలె పేటకు శాఖ. వేరునందలి నీరు చిగురుటాకునకు చేరుట కొమ్మవలన గదా!

ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? మీ యింటిపన్నునుండి. పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయపు సెస్సు మీరు చెల్లించుచున్నారు. వేయి రూపాయల పన్ను కట్టు గృహస్థుడు దానిపై 80 రూపాయలు పుస్తకముల నిమిత్త మిచ్చుచున్నాడు. పేదవాని పెంకుటింటినుండియు, సేట్ల గిడ్డంగినుండియు ఈ పైకము వసూలగుచున్నది. కాన గ్రంథాలయములోనికి పోవువాడు సర్కారువారి అతిథి గాడు, దానికి యజమాని. వసూలుచేసిన పట్టణసంఘము ఈ మొత్తమును గ్రంథాలయసంస్థకు చేర్చవలసియున్నది. అది సకాలమున చేరుటలేదను ఫిర్యాదు రాష్ట్రమున పలుతావుల వినవచ్చుచున్నది. ఒకరి పేర వసూలైన సొమ్ము వేరొక పద్దున నిలిచిపోయినచో అంగడిలో దాని నేమందురో మీకు మేము చెప్పనక్కరలేదు. అడ్తిదారుడు రైతు పైకము నిలిపినచో ఊరంతయు అడుగును. పుస్తకపు పైకము నిలిచినచో అడుగువాడు లేడు. అడుగువాడు లేనందుననే అది నిలుచుచున్నది.

పేటలోని శాఖ యేమేమి సేవ చేయవలయును? మేము గొంతెమ్మ కోరికలు కోరబోము. ఈ పేటకు తగినవి, చేయదగినవి మాత్రమే చెప్పెదము.

మొదటిది వేళ. అంగడి ఉదయముననే మేల్కొనును. బస్తాలతో రాత్రియే వచ్చి కాపుండిన రైతునకు పాటవరకు పని యుండదు. పాట ముగిసి కాటా యగువరకు మరల నిరీక్షణమే. ఆ నిరీక్షణకాలము వ్యర్థముగా పోవుచున్నది. పత్రిక లుంచిన బల్ల యొకటి ఆ సమయమున, ఆ సమీపమున నుండవలయును. శని ఆదివారములు అంగడికి సెలవు. హమాలీలకు తీరిక దొరకు దినములవే. ఆ దినములందు శాఖ తలుపు మూయరాదు. వైద్యశాల రోగుల తీరికను చూచి తెరచినట్లు, గ్రంథాలయము చదువరుల తీరికను చూచి తెరువవలయును. అంగడి ఆవరణమునకు శాఖ దూరమైనచో పాతూరివారి పడవను స్మరింపుడు. ఇచ్చట కాలువ లేదు, పడవ లేదు; తోపుడుబండి యున్నది. పత్రికలును నూరు పుస్తకములును మోయుటకు తోపుడుబండి చాలును.

రెండవది విషయము. రైతునకు కావలసిన సమాచారము గోడమీద తెలుగున, పెద్ద యక్షరములతో వ్రాయబడవలయును. నిన్నటి జెండాధర యెంత, సామాన్యముగా పలికిన ధర యెంత, ఇతర విపణులలో నెంత? 2016లో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఈ-నామ్ అను ఏర్పాటువలన పలు అంగళ్ల ధరలు నేడు యంత్రముపై కనబడుచున్నవి. వానిని చూచి పలకమీదికి ఎక్కించుటకు శాఖలో ఒక యంత్రమును ఒక ఓపికగల మనుష్యుడును చాలును. వరంగల్లు చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపనగా నేమి, దానివలన పండించినవానికి కలుగు మేలేమి, దాని పేర ఇతరులు సరకు నమ్మకుండ చేసికొనుటెట్లు? ఈ మూడు ప్రశ్నలకు తెలుగున నాలుగు పుటల చిన్నపుస్తకము రైతుచేత పడినచో ఆంధ్రజనసంఘమువారి పని మరల నారంభమైనట్లే.

మూడవది స్త్రీలు, పిల్లలు. 2011 జనాభా లెక్కలనుబట్టి తెలంగాణలో అక్షరాస్యులు నూటికి 66 మందికి కొంచెము పైన. స్త్రీలలో 58 మందికి లోపల. ఆ లెక్కలు తీసిననాడు ఇల్లు దిద్దుకొను తల్లులలో ఐదుగురిలో ఇద్దరికి అక్షరము తెలియదు. అట్టి యింటి బిడ్డకు బడిపుస్తకము తప్ప వేరుపుస్తకము కంటబడదు. కథలపుస్తకములు, బొమ్మల పుస్తకములు ఉన్న చిన్నగది, అందు సాయంకాలమున ఎలుగెత్తి చదివి వినిపించు ఒక అక్కయ్య యున్నచో పిల్లలు తామే వత్తురు. పిల్లలను వెదకుచు తల్లులు వత్తురు. తల్లులు వచ్చినచోట వారికి కూర్చుండుటకు తావు, త్రాగుటకు నీరు, వెలుతురు, మరుగుదొడ్డి యుండవలయును. ఇవి లేక స్త్రీలు గ్రంథాలయమునకు రారని నిందించుట న్యాయము గాదు.

నాలుగవది ఉద్యోగార్థులు. నేడు ఏ గ్రంథాలయమునకు పోయినను పోటీపరీక్షలకు చదువు యువకులే కనబడుచున్నారు. ఉదయమే వచ్చి, కట్టుకొనివచ్చిన అన్నము అచ్చటనే తిని, దీపము లార్పువరకు చదువుచున్నారు. కొందరు పెద్దలు వీరిని చూచి, గ్రంథాలయము పరీక్షలశాల యైపోయినదని విసుగుకొనుచున్నారు. మేమట్లు విసుగుకొనజాలము. ఇరుకింటిలో, ఒకే గదిలో నలుగురు పండుకొనుచోట, చదువుటకు ప్రశాంతమైన బల్ల లేని కూలివాని కుమారునకు ఆ బల్ల నిచ్చుటకంటె గ్రంథాలయమునకు గొప్ప సేవ యేమున్నది? కాని వారి హక్కు ఇతరుల హక్కును మ్రింగరాదు. పత్రిక చదువవచ్చిన వృద్ధునకు కుర్చీ లేకున్నను, బిడ్డకు కథలగది లేకున్నను తప్పు యువకునిది గాదు, చోటు చాలని కట్టడముది. చోటు పెంచుడని అందరును కలిసి యడుగవలయును. ఒకరినొకరు నెట్టుకొనుట తగదు. ఆ యువకులలో ప్రతివాడును వారమున కొక గంట మాత్రము అక్షరము రాని యొక పెద్దకు తక్‌పట్టీ చదువుట నేర్పినచో, ఆ పేట ఋణము తీరును. అతనికిని లోకజ్ఞానము పెరుగును.

ఇప్పుడొక యాక్షేపణము వినబడుచున్నది. చేతిలో ఫోనుండగా గ్రంథాలయమెందులకని యడుగుచున్నారు. ప్రపంచములోని పుస్తకములన్నియు అందులో నున్నవట; పత్రికలన్నియు నున్నవట. ఉండవచ్చును. ఫోనును మేము నిందింపము. మేము పైని చెప్పిన ధరలపలకకు అదియే సాధనము. కాని మూడు మాటలు విన్నవించెదము. ఫోనున వచ్చు వార్త యెవరు పంపినదో, నిజమో కల్లయో తేల్చి చెప్పు పెద్దమనుష్యుడు అందులో లేడు. గ్రంథాలయాధికారి యనువాడు ఆ పెద్దమనుష్యుడు. ఫోనునందు మనకు ముందే నచ్చినదే మరల మరల వచ్చును. పఠనాలయపు బల్లమీద మనకు నచ్చని పత్రికయు ప్రక్కనే పడియుండును, దానిని చదువువాడు మన ప్రక్కనే కూర్చుండును. మూడవది, ఫోను చూచువాడు ఒంటరి. గ్రంథాలయమున రైతును, గుమాస్తాయు, విద్యార్థియు, పింఛనుదారుడును ఒకే దీపము క్రింద కూర్చుందురు. కులము, ధనము, పదవి తలుపువెలుపల విడిచి మనుష్యులు కూర్చుండు స్థలములు మన పట్టణములలో ఎన్ని యున్నవి? లెక్కించి చూడుడు.

మరియొక యాక్షేపణము ధనమును గూర్చినది. పుస్తకములకంటె ముందు మురుగుకాలువలు, దారులు కావలెనందురు. కావలయును, ఎవరు కాదనిరి? కాని కాలువ పైకము కాలువకును, పుస్తకపు పైకము పుస్తకమునకును చట్టమే విభజించి పెట్టినది. మేము క్రొత్తగా నేమియు యాచించుటలేదు. మీరు చెల్లించినది మీకు పుస్తకరూపమున తిరిగిరావలెనని మాత్రమే యనుచున్నాము. మఱియొక సంగతి: మురుగుకాలువ ఏల శుభ్రపడలేదో అర్జీ వ్రాసి యడుగగల పౌరుని తయారుచేయునది సైతము ఆ పఠనాలయమే.

మహాశయులారా! 1904 నాటి హనుమకొండ పెద్దలకు చట్టములేదు, సెస్సు లేదు, జిల్లాసంస్థ లేదు. మీదుమిక్కిలి సర్కారు అనుమానదృష్టి యుండెను. అయినను వారు నిలిపిరి. నేడు మనకు చట్టమున్నది, పైకమున్నది, పాలించువారును మనవారే. ఇన్ని యుండియు పేటశాఖ పాతపుస్తకముల కొట్టుగా మిగిలినచో ఆ లోపమునకు ఇతరులను తప్పుపట్టుటకు తావులేదు. ఒకనాడు పందిరి తగులబెట్టినవారిని ఎదిరించుట సులభము. శత్రువు కంటికి కనబడెను. నేటి శత్రువు ఉపేక్ష. అది నిప్పు పెట్టదు. చెదను ఊరక చూచుచు కూర్చుండును.

కాన మేము మీకు నాలుగు పనులు అప్పగించుచున్నాము. ఇంటిపన్ను రసీదును ఈ సాయంకాలమే తీసి చూడుడు. గ్రంథాలయపు సెస్సు ఎంత యున్నదో బిడ్డలచేత చదివించుడు. మీ వార్డు ప్రతినిధిని కలిసికొని, ఈ పట్టణమున ఆ పద్దున ఎంత వసూలైనది, ఎంత చేర్చబడినది, ఎంత మిగిలినది అని వ్రాతమూలముగా నడుగుడు. అంగడి వర్తకులు, అడ్తిదారులు తమలో తాము కూడి, ఆవరణమునందే పఠనపు బల్ల యొకటి వేయించుటకు విపణి సంఘమువారితో మాటలాడుడు. రైతు వలన బ్రదుకు అంగడి రైతునకు పత్రిక యొకటి చూపుట దానము గాదు, బాకీ తీర్చుట. చదువు వచ్చిన ప్రతివారును వారమున నొక గంట చదువు రానివారికి వినిపించుడు.

ఏటేట నవంబరు 14నుండి గ్రంథాలయ వారోత్సవములు జరుగును. తోరణములు కట్టుదురు, ఉపన్యాసము లిత్తురు, వ్యాసరచన పోటీలు పెట్టుదురు. అవి జరుగనిండు. కాని వారమును ఉత్సవమునకు విడిచి, తక్కిన ఏబదియొక్క వారములును మౌనమునకు విడువకుడు. రాబోవు మిరపకాలమున ములుగునుండియో భూపాలపల్లినుండియో వచ్చిన రైతు తన తక్‌పట్టీని మరియొకరి చేతికియ్యక తానే చదివి, కూడి, తప్పున్నచో తప్పని చెప్పగలిగిన దినమున ఎనుమాములకు నిజమైన కీర్తి వచ్చును. అందులకు పని రేపు ఉదయమే యారంభింపుడు.